నాడా దొరికితే గుర్రం దొరికినట్టేనా?

నాడా దొరికిందని గుర్రం కొనబోయినవాడి సామెత మనందరికీ తెలిసిందే. వెటకారానికి చెప్పుకుంటాం. కానీ ఆ సామెతని అక్షరాలా ఆచరించి కోట్లు గడిస్తున్న బజారు ఒకటుంది ప్రపంచంలో. పాత ఇటాలియన్ గ్రాండ్ టూరింగ్ కార్ల బజారు. (ఫెరారీ వాడి గుర్తు గుర్రమే కావడం చూస్తే పైవాడికి హాస్యప్రియత్వం బాగానే ఉందనిపిస్తుంది.)

నమ్మకం కుదరకపోతే ఇది చూడండి. 2023 ఆగస్టులో కాలిఫోర్నియాలోని మోంటెరేలో ఆర్ఎం సోథెబీస్ వాళ్ళు 1954 నాటి ఫెరారీ 500 మోండియాల్ ఒకటి వేలం వేశారు. అది 1960ల్లో ఎక్కడో గుద్దుకుని తగలబడింది. అప్పట్నుంచీ ఆ అవతారంలోనే ఉంది. చూడ్డానికి కాలికింద పడి నలిగిన సిగరెట్ పెట్టెలా ఉంటుంది. దాంతోపాటు ఇచ్చిన ఇంజను కూడా దాని సొంత ఇంజను కాదు. నడపడం మాట దేవుడెరుగు, కూర్చోడానికే చోటు లేదు. అమ్ముడుపోయిన ధర 18 లక్షల 75 వేల డాలర్లు. మన లెక్కలో 15 కోట్ల రూపాయల పైమాటే.

ఇంతకీ కొన్నవాడు కొన్నదేంటి? ఇనుమా? అల్యూమినియమా? పాత సామాన్లవాడి తక్కెడలో వేస్తే ఓ పూట టిఫినుకి సరిపోతుందేమో. అతను కొన్నది నంబరు. ఆ తుక్కుకి 1954లో ఫ్యాక్టరీ ఇచ్చిన గుర్తింపు. ఆ నంబరు చుట్టూ మళ్ళీ కొత్త రేకు, కొత్త చక్రాలు, కొత్త ఇంజను పేరిస్తే, అది "1954 ఫెరారీ" అయి కూర్చుంటుంది. అదే రేకు, అదే చక్రాలు, అదే పనివాళ్ళతో, నంబరు లేకుండా చేస్తే మాత్రం నకిలీ. నాడా దొరికింది కాబట్టి గుర్రం దొరికినట్టే!

మోండియాల్ రేసు కారు కదా, దాన్ని గ్రాండ్ టూరింగ్ లెక్కలో ఎలా కలుపుతావయ్యా అంటారేమో. బజారు ఒకటే, రూలూ ఒకటే. పైగా ఈ రూలు వల్ల ఎక్కువ దెబ్బతిన్నవి గ్రాండ్ టూరింగ్ కార్లే. అక్కడికే వస్తున్నా.

ముందే ఒక మాట. ఆ కార్ల మీద నాకేం కోపం లేదు. కోపమల్లా వాటి చుట్టూ చేరిన లెక్కల మీద. గ్రాన్ తురిస్మో అంటే ఏమిటి? ఇద్దరు మనుషులు, రెండు పెట్టెలు, పొద్దున్నే మిలాన్ లో బయల్దేరితే చీకటిపడే లోపల నేపుల్స్ లో దిగాలి. దిగినవాడి నడుము పట్టెయ్యకూడదు. 1951లో వచ్చిన లాంచియా ఆరేలియా బి20 ఈ జాతికి మూలపురుషుడని చాలామంది అంటారు. ఆ తరవాత ఫెరారీ, మజెరాటీ, లాంబోర్గినీ, ఇసో, అందరూ ఈ పనికే కార్లు కట్టారు. మిలాన్ నుంచి నేపుల్స్ దాకా ఆటోస్ట్రాడా డెల్ సోలే రోడ్డు 1964లో పూర్తయ్యింది. అంటే రోడ్డూ, కారూ ఒకదాని కోసం ఒకటి పుట్టినట్టు పుట్టాయి. దూరం పోవడం ఆ కారు ధర్మం. అది చెయ్యనప్పుడు దాన్ని ఏ పేరుతోనైనా పిలవండి గానీ గ్రాండ్ టూరర్ అనకండి.

ఇప్పుడు ఈ బజారుకి మకుటం లాంటి కారు దగ్గరికొద్దాం. ఫెరారీ 250 జీటీఓ. 1962 నుంచి 1964 దాకా 36 చేశారు (4 లీటర్ల ఇంజను పెట్టినవి ఇంకో మూడున్నాయి, వాటిని కలిపి 39 అనేవాళ్ళూ ఉన్నారు). కొత్తగా వచ్చినప్పుడు అమెరికాలో దాని ధర 18 వేల డాలర్ల చిల్లర. 2018లో మోంటెరేలో ఒకటి 4 కోట్ల 84 లక్షల డాలర్లకి పోయింది. 2023 నవంబరులో న్యూయార్క్ లో ఇంకోటి 5 కోట్ల 17 లక్షల డాలర్లు పలికింది. మన డబ్బులో 430 కోట్లు అనుకోండి.

ఈ జీటీఓలో "ఓ" అంటే ఏమిటో తెలుసా? ఒమొలోగాటా. అంటే "ధ్రువీకరించబడినది". కారు పేరులోనే సర్టిఫికెట్ ఉంది! ఆ సర్టిఫికెట్ ఎలా వచ్చిందో వింటే ఇంకా ముచ్చటేస్తుంది. గ్రాండ్ టూరింగ్ తరగతిలో పోటీ చెయ్యాలంటే కనీసం 100 కార్లు తయారుచెయ్యాలని అప్పటి ఎఫ్ఐఏ నియమం. ఫెరారీ వంద ఎక్కడ చేస్తాడు? "అబ్బే, ఇది కొత్త కారు కాదండీ, మా పాత 250 జీటీ బెర్లినెట్టాకే చిన్న సవరణ" అన్నాడు. వాళ్ళు ఒప్పుకున్నారు. బాడీ వేరు, గేర్ బాక్సు వేరు, ఇంజను అమరిక వేరు, అయినా కాగితం మీద "అదే కారు". మనం పెద్ద రీరైట్ చేసేసి, చేంజ్ రిక్వెస్టులో "మైనర్ ఫిక్స్" అని రాసి రిలీజ్ చేస్తామే, అలాగన్నమాట.

అరవై ఏళ్ళ కిందట "అదే కారు" అనే మాటకి అంత వెసులుబాటు ఉండేది. ఇప్పుడు అదే కారు విషయంలో, ఆ గేర్ బాక్సు మీద కొట్టిన అంకె ఫ్యాక్టరీ పుస్తకంలో అంకెతో కలవకపోతే కోట్లు తేడా వస్తుంది. దీన్ని "మ్యాచింగ్ నంబర్స్" అంటారు. శంషాబాద్ అవతల ప్లాటు కొన్నవాళ్ళకి నేను వివరించక్కర్లేదు, లింకు డాక్యుమెంట్ల లాంటిదే. కాకపోతే ప్లాటుకి లింకు డాక్యుమెంట్లు లేకపోతే రేపు ఎవడో వచ్చి నాదంటాడన్న భయం ఉంది. కారుకి ఇంజను మారితే ఏమవుతుంది? ఏమీ అవదు. నడుస్తుంది. ఇంకా బాగా నడుస్తుందేమో కూడా.

పోనీ ఆ కార్లన్నీ అచ్చుగుద్దినట్టు పుట్టాయా, ఆ "అసలు రూపం" నుంచి ఇవాళ తప్పిపోయాయని ఏడవడానికి? అదీ లేదు. జీటీఓ బాడీలు చేసింది మోడెనాలో సెర్జియో స్కాలియెట్టి దుకాణం. ఇసక సంచుల మీద అల్యూమినియం రేకు పరిచి సుత్తులతో కొట్టి వంపు తెచ్చేవాళ్ళు. కంటిచూపే కొలత. ఏ రెండు జీటీఓలూ ఒకేలా ఉండవు. రేసులో ఇంజను పోతే ఇంకోటి ఎక్కించేవాళ్ళు, ముక్కు పచ్చడయితే కొత్త ముక్కు కొట్టేవాళ్ళు. అది పనిముట్టు. పనిముట్టుకి మరమ్మతు జరగడం సహజం, జరక్కపోవడమే వింత.

మరి అసలుదో కాదో తేల్చేదెవరు? ఫెరారీకి క్లాసికే అని ఒక విభాగం ఉంది. 20 ఏళ్ళు దాటిన కార్లని ఫ్యాక్టరీ రికార్డులతో పోల్చి చూసి సర్టిఫికెట్ ఇస్తుంది. బానే ఉంది. కానీ ఆ విభాగమే పాత కార్లు బాగు కూడా చేస్తుంది. అసలు ఇంజను పోతే, పాత డ్రాయింగుల ప్రకారం కొత్త బ్లాకు పోతపోసి, బిగించి, సర్టిఫికెట్ కూడా ఇవ్వగలదు. ఇంగ్లండులో ఏ మేస్త్రో అదే డ్రాయింగుతో, అదే లోహంతో, అంతే శ్రద్ధగా బ్లాకు చేస్తే మాత్రం అది దొంగ సరుకు. కోడ్ రాసేదీ, టెస్ట్ చేసేదీ, ఆడిట్ సంతకం పెట్టేదీ, సపోర్ట్ కాంట్రాక్టు అమ్మేదీ ఒక్కడే అయితే మన కంపెనీల్లో ఒప్పుకుంటామా? ఇంటర్న్ కుర్రాడు కూడా నవ్వుతాడు. నాలుగొందల కోట్ల దగ్గరికొచ్చేసరికి అందరూ బుద్ధిగా తలాడిస్తున్నారు.

సరే, డబ్బున్న మారాజులు, వాళ్ళ కార్లు, వాళ్ళ కాగితాలు, నీకేంటయ్యా నొప్పి అంటారా? నొప్పి ఇక్కడుంది. ఈ నంబర్ల పిచ్చి నిజమైన కార్లని చంపింది.

ఫెరారీ 250 జీటీఈ అని ఒకటుంది. 1960లో వచ్చింది. నలుగురు కూర్చునే కారు. మూడేళ్ళలో 950 పైచిలుకు చేశారు. ఫెరారీ కంపెనీకి అప్పట్లో అన్నం పెట్టినవి ఇలాంటివే. గ్రాన్ తురిస్మో అన్న మాటకి నిజమైన అర్థం ఇదే: భార్యాభర్తలు ముందు, పిల్లలు వెనక, పెట్టెలు డిక్కీలో. రోమ్ పోలీసుల దగ్గర నల్లటి జీటీఈ ఒకటి ఉండేది. అర్మాండో స్పటఫోరా అనే పోలీసాయన దాంతో దొంగల్ని వెంటాడేవాడు. రోమ్ లో స్పానిష్ మెట్ల మీంచి కారుని కిందకి దించాడని కథలు కథలుగా చెప్పుకుంటారు.

జీటీఈ చేసుకున్న పాపమల్లా ఒకటే. దాని లోపల ఉన్నది కొలంబో రూపొందించిన అదే 3 లీటర్ల వి12 ఇంజను, జీటీఓకి దగ్గర చుట్టం. ఛాసీ కూడా అదే కుటుంబం. కాకపోతే చక్రాల మధ్య దూరం జీటీఓకి 2400 మిల్లీమీటర్లు, దీనికి 2600. కోస్తే సరిపోతుంది. కోశారు! జీటీఓ ధర ఆకాశానికి పోతున్న రోజుల్లో జీటీఈకి పెద్ద విలువ లేదు. జీటీఓ కొనలేనివాడు, జీటీఓ లాంటిది కావాలనుకున్నవాడు, చవగ్గా ఒక జీటీఈని కొనేవాడు. బాడీ పీకి పారేసి, ఛాసీ కోసి పొట్టి చేసి, పైన జీటీఓ రేకు తొడిగించేవాడు. కొందరు జీటీఓ, కొందరు టెస్టారోసా, కొందరు కాలిఫోర్నియా స్పైడర్. ఇలా కసాయి దుకాణానికి పోయిన జీటీఈలు చాలా ఉన్నాయి.

ఎందుకు జీటీఈనే కొయ్యాలి? కొత్త గొట్టాలతో ఛాసీ చేసుకోవచ్చుగా? అది జీటీఈని కోసి అతికించడం కంటే ఏమంత కష్టం కాదు. కానీ అప్పుడు నంబరుండదు. జీటీఈని కోస్తే "నిజమైన ఫెరారీ ఛాసీ, నిజమైన ఫెరారీ ఇంజను" అని చెప్పుకోవచ్చు. అంటే నంబరు కోసం, కేవలం ఆ నాడా కోసం, బతికున్న గుర్రాన్ని కోశారు. ఫెరారీ వి6 ఇంజను ఉన్న పాపానికి ఫియట్ డీనోలకీ ఇదే గతి పట్టింది. ఇంజను పీకి ఇంకో ఖరీదైన కారుకి పెట్టేవాళ్ళు, మిగిలింది తుక్కు.

ఇప్పుడు ఎదుటివాళ్ళ వాదన. వాళ్ళకీ ఒక మంచి పాయింటుంది, దాన్ని దాటేసి పోవడం న్యాయం కాదు. "ధర లేకపోతే ఇవి ఎప్పుడో తుక్కయిపోయేవి. డబ్బే కాపాడింది" అంటారు. నిజమే. ఒక జీటీఓని 1960ల్లో టెక్సస్ లోని విక్టోరియా హైస్కూలుకి దానం ఇచ్చేశారు, పిల్లలు మెకానిక్ పని నేర్చుకోడానికి! 1972లో స్కూలువాళ్ళు దాన్ని 6,500 డాలర్లకి అమ్మేశారు. కొన్నాయన ఒహాయోలో దాన్ని ట్రెయిలర్ మీద పెట్టి ఏళ్ళ తరబడి ఆరుబయట వదిలేశాడు. ఎండా, వానా, మంచూ. 1980ల చివర ధరలు పెరిగాకే దానికి మళ్ళీ ఇంట్లో చోటు దొరికింది.

ఒప్పుకుంటా. కానీ ఇందులో తిరకాసు చూడండి. ధర జీటీఓని కాపాడింది, అదే ధర జీటీఈని కోసింది. కత్తి పట్టింది ధర కాదు, రెండు ధరల మధ్య తేడా. పక్కపక్కన పుట్టిన రెండు కార్లలో ఒకదానికి వంద రెట్లు విలువ కట్టి, రెండోదాన్ని విడిభాగాల గోడౌను చేసింది బజారే. ఇప్పుడు జీటీఈలు కూడా లక్షల డాలర్లు పలుకుతున్నాయి, కోతలు తగ్గాయి అంటారు. సంతోషం. పోయినవి వెనక్కి రావుగా? ఇల్లు కాలాక ఫైరింజను వచ్చిందని సన్మానం చెయ్యమంటే ఎలా?

పైగా కాపాడటం అంటే ఏంటి? 2015 ఫిబ్రవరిలో పారిస్ లో బాయోన్ అనే ఆయన కార్ల గుట్ట వేలానికొచ్చింది. దశాబ్దాల పాటు పల్లెటూరి షెడ్లలో పడున్న కార్లు. అందులో ఒక 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్, ఒకప్పుడు సినిమా నటుడు అలెన్ డెలాన్ ది, పాత పత్రికల కట్టల కింద దొరికింది. దుమ్ముతో సహా ప్రదర్శనకి పెట్టారు, దుమ్ముతో సహా 1 కోటి 63 లక్షల యూరోలకి అమ్మారు. పదిమంది మురిసిపోయే దుమ్మది. నాకు మాత్రం మన డేటా సెంటర్లలో ఒక మూల ఉండే సర్వర్ గుర్తొచ్చింది. పదేళ్ళుగా రీబూట్ చెయ్యలేదు, చేస్తే లేస్తుందో లేదో అన్న భయంతో ఎవడూ ముట్టుకోడు. దాన్ని మనం ఆరోగ్యం అనం. గడువు తీరని చావు అంటాం.

అందరూ అలా లేరు, నిజం చెప్పాలి. పింక్ ఫ్లాయిడ్ డ్రమ్మర్ నిక్ మేసన్ 1970ల చివర్లో ఒక జీటీఓ కొన్నాడు. దాచిపెట్టలేదు. గుడ్‌వుడ్ రేసుల్లో తోలాడు, వేరేవాళ్ళకీ తోలడానికి ఇచ్చాడు. అలాంటివాళ్ళని చూస్తే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. కానీ అతను కొన్నప్పుడు అది ఇష్టంతో కొనే కారు. ఇవాళ అదే పని చెయ్యాలంటే ఒక మలుపు దగ్గర నాలుగొందల కోట్లు పణంగా పెట్టాలి.

చట్టాలు కూడా భలే వంత పాడుతున్నాయి. బ్రిటన్ లో మామూలు ప్యాసింజరు కారు అమ్మితే వచ్చిన లాభం మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదు. తర్కం ఏంటంటే, కారు వాడేకొద్దీ అరిగిపోయే వస్తువు, దాని మీద ఎవడికైనా నష్టమే గానీ లాభమేంటి అని. ఈ తర్కం ఆఫీసుకెళ్ళే మారుతి లాంటి కారుకి సరిపోతుంది. కోట్లు లాభం తెచ్చే ఫెరారీకి కూడా అదే మినహాయింపు. పన్నులవాడి దగ్గర "అరిగిపోయే వస్తువు", కొనేవాడి దగ్గర "ఎప్పటికీ అరగని కళాఖండం".

కళాఖండం అన్నది నా వెటకారం కాదు. 2019లో ఇటలీలో బొలోన్యా కోర్టు 250 జీటీఓ రూపాన్ని కాపీరైటు ఉన్న కళాఖండంగా గుర్తించింది. మోడెనాలో ఒక సంస్థ జీటీఓ పోలికతో కొత్త కార్లు చేద్దామనుకుంటే ఫెరారీ కోర్టుకెక్కి తెచ్చుకున్న ఉత్తర్వు అది. 1964 తరవాత ఫెరారీ ఒక్క 250 జీటీఓ చెయ్యలేదు, చేసేవాణ్ణి చెయ్యనివ్వదు. 2020లో యూరోపియన్ యూనియన్ మేధోసంపత్తి కార్యాలయం మాత్రం, వాడని ట్రేడ్ మార్కుని కార్ల విషయంలో పట్టుకు వేలాడొద్దు అని, బొమ్మల వరకు ఉంచుకోమంది. ఎంత సరిగ్గా చెప్పారో! బొమ్మలు!

పూరీ జగన్నాథుడి రథాలు ఏటా కొత్త కలపతో చేస్తారు. యాత్ర అయ్యాక విప్పేస్తారు. మళ్ళీ ఏడు మళ్ళీ కొత్తవి. దాన్ని నకిలీ రథం అన్నవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు. ఎందుకంటే రథం ఉన్నది ఆ చెక్కలో కాదు, చేసే వడ్రంగుల చేతుల్లో, వాళ్ళు పిల్లలకి నేర్పే కొలతల్లో. స్కాలియెట్టి 2011లో పోయాడు. జీటీఓ పని మొదలుపెట్టిన ఇంజినీరు జొట్టో బిజ్జరీని 2023లో పోయాడు. మియూరా గీసిన మార్చెల్లో గాందీని 2024లో పోయాడు. ఆ చేతుల పని నిలవాలంటే కొత్త చేతులకి పని దొరకాలి. కానీ "చేస్తే నకిలీ, చెయ్యకపోతే కళాఖండం" అంటే ఎవడు నేర్చుకుంటాడు? చెక్కముక్కని ఏసీ గదిలో పెట్టి, వడ్రంగిని రోడ్డు మీద పెట్టడం ఎలాంటి పరిరక్షణ?

ఇదంతా మనకెందుకు అంటే, ఆ బజారు మన గుమ్మంలోకే వచ్చింది కాబట్టి. ప్లాట్లయ్యాయి, విల్లాలయ్యాయి, క్రిప్టో అయ్యింది. అమెరికాలో 2010ల చివర్నుంచీ పాత కార్లని షేర్ల ముక్కలుగా అమ్మడం మొదలైంది. ఈమధ్య మా సహోద్యోగి ఒకాయన ఇలాంటిదే ఒక ప్రెజెంటేషన్ పంపాడు (పేరెందుకులెండి). "ప్యాషన్ అసెట్" అట. ఒక కారులో వెయ్యోవంతు నాది. తాళం చెవి ఉండదు, తోలే హక్కుండదు, చూడాలంటే అపాయింట్‌మెంటు. ప్యాషన్ ఎక్కడుందో బూతద్దం పెట్టి వెతికినా కనబడలేదు.

ఆ స్లైడ్లలో గ్రాఫ్ ఎప్పుడూ కుడిచేతి వైపు పైకే పోతుంది. అది 1988 నుంచి మొదలైతే బావుండేది. ఆ ఏడు ఆగస్టులో ఎంజో ఫెరారీ చనిపోయాడు. అప్పటికే వేడెక్కిన ధరలకి ఇంకా రెక్కలొచ్చాయి. 1989 కల్లా జీటీఓలు కోటి డాలర్లు దాటాయి. జపాన్ బుడగ పేలింది. మరో ఐదేళ్ళకి అవే కార్లు అందులో మూడో వంతు పలకడమే గగనమైంది. కారు మారలేదు, ఇంజను మారలేదు, నంబరూ మారలేదు. మారింది కొనేవాడి ధైర్యం ఒక్కటే. ఆర్ఎస్‌యూలు వెస్ట్ అయిన నెలలో వచ్చే ధైర్యం మీద నాకైతే పెద్ద నమ్మకం లేదు.

నేననేది మూడే మూడు ముక్కలు. ఒకటి, సర్టిఫికెట్ ఇచ్చేవాడూ, బాగుచేసి బిల్లు వేసేవాడూ వేరువేరుగా ఉండాలి. రెండు, సర్టిఫికెట్లో పాసా ఫెయిలా అని కాదు, ఏ ఏడు ఏ ముక్క మారింది, ఎవరు మార్చారు అని రాయాలి. మార్పు నేరం కాదు, దాచడం నేరం. మనం కమిట్ లాగ్ ఉంచుకునేది అందుకేగా. మూడు, కొత్తగా చేసినదాన్ని "ఇది ఫలానా ఏడు చేసిన కొత్తది" అని నిజాయితీగా రాసి అమ్మనివ్వాలి. అలా అమ్మనిచ్చి ఉంటే ఒక్క జీటీఈని కూడా కొయ్యాల్సిన పని ఉండేది కాదు.

ఇక ఎవరికైనా నిజంగా మోజుంటే షేర్లు కొనక్కర్లేదు. బే ఏరియాలో ఉండేవాళ్ళకి మోంటెరే ఎంత దూరం? శాన్ హోసే నుంచి గంటన్నర. ఏటా ఆగస్టులో పెబుల్ బీచ్ అందాల పోటీకి ముందు అదే కార్లతో రోడ్డు మీద ఒక టూర్ ఉంటుంది. రోడ్డు పక్కన నిలబడి చూడ్డానికి టికెట్టు అక్కర్లేదు. ఆ పోటీలో ఒక నియమం ఉంది: ఒక తరగతిలో రెండు కార్లకి మార్కులు సమానంగా వస్తే, టూర్ పూర్తిచేసిన కారుకే బహుమతి. చూశారా, అంత సింగారం చేసే చోట కూడా ఎవరో ఒక పెద్దమనిషికి చివర్లో బుద్ధి పుట్టింది, నడిచిందే కారని.

వెళ్ళండి. వి12 పక్కనుంచి పోతుంటే వినండి. ఆ చప్పుడుకి ఇంతవరకూ ఎవరూ నంబరు కొట్టలేదు.